ఆ పచ్చపూల మొక్క బెడ్‌స్ట్రానేనా? విశాఖ చుట్టుపక్కల తిరిగేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడి నెల తిరిగేసరికి ఆనందపురం, సబ్బవరం, పద్మనాభం వైపు పొలం గట్లన్నీ పచ్చపూలతో నిండిపోతాయి. అప్పట్నుంచి సంక్రాంతి దాకా నా ఫోన్‌కి ఫొటోలు వస్తూనే ఉంటాయి. "మాస్టారూ, యాప్‌లో కొడితే లేడీస్ బెడ్‌స్ట్రా అని వచ్చింది, గేలియం వేరమ్ అట, నిజమేనా?" అని అడుగుతారు. ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి, మొక్క గురించి ఎవరైనా అడిగితే నాకు పండగే. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇక్కడ పచ్చ అంటే పసుపుపచ్చ. మన వైపు పసుపు రంగుని పచ్చ అనే అంటాం కదా. ఆకు రంగు చెప్పాల్సినచోట ఆకుపచ్చ అని రాశాను.

యాప్ బెడ్‌స్ట్రా అంటోంది. అది మన విశాఖ దగ్గర పెరుగుతుందా?

పెరగదు. అది చలిదేశాల మొక్క. యూరప్ అంతటా, ఉత్తర ఆఫ్రికాలో, ఆసియాలో చల్లగా ఉండే ప్రాంతాల్లో పచ్చిక బయళ్లలో పెరుగుతుంది. మన దేశంలో అయితే కాశ్మీర్, హిమాచల్ లాంటి హిమాలయ వాలుల్లో ఉంటుంది. సముద్రపు గాలి, ఉక్కపోత, ఏప్రిల్ మే ఎండలు ఉన్న మన మైదానం దానికి సరిపడదు.

యాప్ ఎందుకు తప్పింది అంటే, మీరు పంపిన ఫొటోల్లో నూటికి తొంభై పువ్వు దగ్గరగా తీసినవే. చిన్న పువ్వు, నాలుగు రేకులు, పచ్చ రంగు. అంతమాత్రం చూసి పేరు చెప్పమంటే నేనైనా తప్పుతాను, తప్పాను కూడా. ఒకసారి ఒక విద్యార్థి పువ్వు ఫొటో ఒక్కటే చూపిస్తే, నాలుగు రేకులు చూసి ఇది ఆవ కుటుంబం అని చెప్పేశాను. వారం తర్వాత వాడు మొక్కని వేళ్లతో సహా పట్టుకొచ్చాడు. అది కుక్కవావింట. ఆ రోజు నుంచి కణుపు చూడకుండా ఏ మొక్క పేరూ చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. ఈ పేజీలో నేను చెప్పేదంతా చివరికి ఆ కణుపు దగ్గరకే వస్తుంది.

అసలు బెడ్‌స్ట్రా అంటే ఏమిటి? ఆ పేరెందుకు వచ్చింది?

బెడ్ అంటే పరుపు, స్ట్రా అంటే ఎండుగడ్డి. యూరప్‌లో దూది పరుపులు అందరికీ అందని రోజుల్లో ఈ మొక్కని కోసి, ఎండబెట్టి పరుపుల్లో కూరేవారు. మన ఊళ్లలో బూరుగు దూది, వరిగడ్డి వాడినట్టే అనుకోండి. ఎండాక దీనికి కమ్మటి వాసన వస్తుంది. కూమరిన్ అనే పదార్థం వల్ల వచ్చే వాసన అది. కోసిన పచ్చగడ్డి ఎండలో ఆరుతున్నప్పుడు కళ్లంలో ఒక తియ్యటి వాసన వస్తుంది చూడండి, దాదాపు అలాంటిదే.

పేరులోని లేడీ ఎవరంటే ఏసుక్రీస్తు తల్లి మరియమ్మ. పశువుల పాకలో ఆవిడ పురుడు పోసుకున్నప్పుడు పక్కగా పరిచిన గడ్డిలో ఈ మొక్క ఉందని అక్కడివాళ్లు చెప్పుకునే కథ. ఆ కథ తెలిశాక నాకు ఈ మొక్క మీద ఇష్టం పెరిగింది. ఎందుకంటే మనమూ అదే పని చేశాం. చెట్ల మీద పచ్చటి దారాల్లా అల్లుకునే ఆకుల్లేని తీగకి మనవాళ్లు సీతమ్మ పోగునూలు అని పేరు పెట్టారు. అక్కడి పల్లెవాళ్లకి గడ్డిలో మరియమ్మ పక్క కనిపిస్తే, మనవాళ్లకి తీగలో సీతమ్మ వడికిన నూలు కనిపించింది.

నేను బెడ్‌స్ట్రాని ఒక్కసారే కళ్లారా చూశాను. జూలైలో కాశ్మీర్ వెళ్లినప్పుడు ఒక పచ్చిక వాలు మీద ఉంది. దూరం నుంచి చూస్తే గడ్డి మీద ఎవరో పసుపు చల్లినట్టుంది. మోకాళ్ల మీద కూర్చుని లెన్స్ పెట్టి చూస్తే ఒక్కో పువ్వు రెండు మూడు మిల్లీమీటర్లే, అంటే ఆవగింజ కన్నా కాస్త పెద్దది. అలాంటివి వందలు ఒక్కో గుత్తికి. తేనె వాసన. మా వాళ్లు కారులోంచి పిలుస్తూనే ఉన్నారు, నాకు లేవాలనిపించలేదు.

తెలుగులో దీని పేరేమిటి?

మన నేల మొక్క కాదు కాబట్టి వాడుకలో పేరు లేదు. పాఠంలో నేను పరుపుగడ్డి అని చెప్పేవాణ్ణి, పిల్లలకి గుర్తుండటం కోసం. అది నేను పెట్టుకున్న మాట, నిఘంటువులో వెతక్కండి. శాస్త్రీయ నామం గేలియం వేరమ్, 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టినది.

ఖాయంగా గుర్తుపట్టాలంటే ఏం చూడాలి?

కణుపు చూడాలి. కాండం మీద ఆకు పుట్టే చోటు అది. బెడ్‌స్ట్రాకి ఒక్కో కణుపు దగ్గర ఎనిమిది నుంచి పన్నెండు సన్నటి ఆకులు చుట్టూ చక్రంలా ఉంటాయి, గొడుగు పుల్లలు విచ్చుకున్నట్టు. ఒక్కో ఆకు ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల పొడవు, వెడల్పు రెండు మిల్లీమీటర్ల దాకా. అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి, పైభాగం ముదురు ఆకుపచ్చగా మెరుస్తుంది, అడుగున సన్నటి నూగు ఉంటుంది.

ఇక్కడొక చక్కటి సంగతి ఉంది. ఆ ఎనిమిది, పన్నెండు ఆకుల్లో అసలు ఆకులు రెండే. మిగతావన్నీ పత్రపుచ్ఛాలు. పత్రపుచ్ఛం అంటే ఆకు మొదట్లో ఉండే చిన్న తొడుగు లాంటి భాగం. బెడ్‌స్ట్రాలో అవి కూడా ఆకుల్లా పెరిగి, అసలు ఆకుల పక్కన వరసలో నిలబడిపోయాయి. చూపుకి తేడా తెలియదు. మొగ్గ ఏ రెండింటి మొదట్లోంచి వస్తే అవి అసలు ఆకులు.

ఇది అర్థం కావాలంటే కాశ్మీర్ వెళ్లక్కర్లేదు. మీ ఇంటి ముందు నూరువరహాల మొక్క ఉంటుంది. ఒక రెమ్మ తీసి చూడండి. ఆకులు ఎదురెదురుగా రెండేసి ఉంటాయి. ఆ రెండు ఆకుల మధ్య, కాండానికి అటూ ఇటూ, గోరంత తొడుగు ఒకటి అంటుకుని ఉంటుంది. చివర సూదిలా ఉంటుంది. వేలితో తడిమితే గుచ్చుకున్నట్టు తెలుస్తుంది. అదే పత్రపుచ్ఛం. రెండు ఆకుల నడుమ అలా తొడుగు ఉండటం ఈ కుటుంబానికి ముఖ్యమైన గుర్తు. నూరువరహాలు, కాఫీ, మంజిష్ఠ, బెడ్‌స్ట్రా అన్నీ ఒకే కుటుంబం, రూబియేసి. నూరువరహాల పువ్వుకి కూడా రేకులు నాలుగే, లెక్కపెట్టి చూడండి.

పువ్వు చూసి చెప్పలేమా?

చెప్పొచ్చు, కానీ రంగుతో కాదు. పువ్వుని పక్కనుంచి చూడండి. దోస పాదు మీద ఆడపువ్వు ఎలా ఉంటుంది? పిందె కింద, పువ్వు పైన. బెండలో అలా కాదు, పిందె పువ్వు లోపల, రేకుల నడుమ మొదలవుతుంది. రూబియేసి కుటుంబం దోస లెక్క. పువ్వు కింద చిన్న ఉబ్బు ఉంటుంది, కాయ అక్కడే తయారవుతుంది. బెడ్‌స్ట్రాలో ఆ ఉబ్బు రెండు పూసలు అంటించినట్టు జంటగా ఉంటుంది, ముదిరాక నల్లబడుతుంది.

మీరు చూసిన పచ్చ పువ్వు నడిమధ్యలోంచి పొడవాటి కాయ నిక్కపొడుచుకుని వస్తుంటే అది బెడ్‌స్ట్రా కాదు, ఇంక ఆకు చూడక్కర్లేదు.

మరి నేను చూసింది ఏమై ఉంటుంది?

నాకు వచ్చే ఫొటోల్లో ఎక్కువసార్లు తేలేది కుక్కవావింట. రోడ్డు పక్క మట్టిగుట్టల మీద, కట్టడం ఆగిపోయిన స్థలాల్లో, వేరుశెనగ చేలల్లో వానాకాలమంతా ఉంటుంది. నాలుగు పచ్చటి రేకులు ఉంటాయి కాబట్టే యాప్ పొరబడుతుంది. మొక్కని పట్టుకుంటే చేతికి జిగురు అంటుకుంటుంది, ఘాటైన వాసన ఒకటి వేళ్లకి పట్టి సబ్బుతో కడిగినా ఓ పట్టాన పోదు. కాండం నిండా సన్నటి నూగు, ఆ నూగు చివర జిగురు బొట్లు. ఎండలోకి తిప్పితే ఒక్కో బొట్టూ మెరుస్తుంది. దుమ్ము, చిన్న చిన్న పురుగులు వాటికి అంటుకుని ఉంటాయి. ఆకు మూడు నుంచి అయిదు చిన్నాకులుగా అరచేయిలా విచ్చుకుంటుంది. కేసరాలు పదికి పైనే ఉంటాయి, బెడ్‌స్ట్రాకి నాలుగే. కాయ సన్నగా పొడుగ్గా పైకి లేస్తుంది. ఇన్ని తేడాలు ఉన్నాయి, కానీ అవేవీ పువ్వు ఒక్కటే తీసిన ఫొటోలో కనిపించవు.

రెండోది లాంటానా. కంబాలకొండలో, సింహాచలం కొండ మీద, కైలాసగిరి వాలులో ఎటు చూసినా అదే. ఇది కాస్త చిక్కు పెడుతుంది. కాండం నాలుగు పలకలుగా ఉంటుంది, బెడ్‌స్ట్రా కాండానికి కూడా పలకలు ఉంటాయి. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. చిన్న పూలు గుత్తిగా వస్తాయి, రేకులు నాలుగో అయిదో. కాగితం మీద లక్షణాలు రాసుకుంటే సగం కలిసిపోతాయి. కణుపు దగ్గరకి వెళ్తే మాత్రం తేలిపోతుంది. రెండాకుల మధ్య తొడుగు ఉండదు. ఆకు గరుగ్గా, వెడల్పుగా ఉండి నలిపితే ఘాటు వాసన వేస్తుంది, కాండానికి ముళ్లుంటాయి. ఒకే గుత్తిలో పచ్చ, నారింజ, గులాబి రంగులు కలిసి ఉండటం కూడా దాని గుర్తే.

ఇసుక నేలల్లో నేలబారుగా పాకుతూ అయిదు రేకులతో ఉంటే పల్లేరు. చెప్పు లేకుండా నడిచినవాళ్లకి దాని కాయ గురించి చెప్పక్కర్లేదు. కుండీలో, మెట్ల సందుల్లో మూడు హృదయాల్లాంటి ఆకులతో ఉండి, నమిలితే పుల్లగా ఉంటే పులిచింత. మెత్తటి మఖమల్ లాంటి ఆకులు, పళ్లచక్రం లాంటి కాయ ఉంటే తుత్తురుబెండ. సాయంత్రం పూట విచ్చుకుంటుంది, పొద్దున్నే వెళ్తే ముడుచుకుని ఉంటుంది. ఆకుల మొదట్లో పొడవాటి ముళ్లు ఉన్న పచ్చ పువ్వు ముళ్లగోరింట. చిక్కుడు పువ్వులా ఉండి, ఎండిన కాయ ఊపితే గలగలమంటే జనుము లేక గిలిగిచ్చ.

మనిషి ఎత్తు పొద, చింతాకులా వరసగా చిన్నాకులు, కొమ్మ చివర గుత్తులుగా పెద్ద పచ్చటి పూలు ఉంటే తంగేడు. దాని బెరడుతో తోళ్లు ఊనడం మన దగ్గర చాలా పాత పని. తెలంగాణలో బతుకమ్మ పేర్చడానికి వాడే పువ్వు ఇదే, ఆ రాష్ట్రపు పువ్వు కూడా. దీన్ని కూడా బెడ్‌స్ట్రా అని చూపించిన యాప్ ఉంది, నమ్మండి.

అరకులో పొలాలకి పొలాలు పచ్చగా ఉన్నాయి, అవేం పూలు?

వలిసెలు. కొందరు వెర్రినువ్వులు అంటారు. అడవి మొక్క కాదు, గిరిజన రైతులు నూనె కోసం వేసుకునే పంట. అక్టోబరు చివర్నుంచి పూత మొదలై చలికాలం తొలిరోజుల దాకా ఉంటుంది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి చామంతిలో లాగా చాలా పూల కట్ట. చుట్టూ రేకుల్లా కనిపించేవి ఎనిమిది దాకా ఉంటాయి.

ఒక మాట అడుగుతాను. ఫొటోల కోసం చేలోకి దిగి తొక్కకండి. గట్టు మీద నిలబడి తీసుకోండి. విరిగిన ప్రతి మొక్కా ఆ ఇంటి నూనెలోంచి పోయినట్టే. చేలో దిగాలనిపిస్తే రైతుని అడిగి, ఆయన చెప్పింది ఇచ్చి దిగండి.

కణుపు చుట్టూ ఆకులున్న మొక్కని నిజంగానే చూశాను. అయినా బెడ్‌స్ట్రా కాదా?

చక్రంలా ఆకులుండటం ఆ ఒక్క మొక్కకే కాదు. ఎర్రమట్టి దిబ్బల వైపు, భీమిలి ఇసుక నేలల్లో, పొలాల్లో పర్పాటకం అనే చిన్న మొక్క ఉంటుంది. దారపు పోగుల్లాంటి ఆకులు కణుపు చుట్టూ ఉంటాయి. చూడగానే బెడ్‌స్ట్రా పిల్ల అనిపిస్తుంది. పువ్వు మాత్రం తెల్లగా, అయిదు భాగాలుగా ఉంటుంది, పిందె పువ్వు లోపలే ఉంటుంది. పర్పాటకం అనే పేరు ఒక్కో చోట ఒక్కో మొక్కకి వాడతారు కాబట్టి పేరు మీద ఆధారపడకండి, పువ్వు చూడండి.

పిల్లిపీచర కూడా కొందరికి అలాగే కనిపిస్తుంది. సూదుల్లాంటివి గుత్తిగా ఉంటాయి. కానీ అది ముళ్ల తీగ, తెల్లపూలు.

కొండల్లో, పొదల మీదికి పాకే గరుకు తీగ, ఒక్కో కణుపుకి నాలుగేసి హృదయాకారపు ఆకులు, కాడలకి కొక్కేల్లాంటి ముళ్లు, చొక్కాకి పట్టుకుంటే వదలదు. అలాంటిది దొరికితే మీరు అదృష్టవంతులు. అది మంజిష్ఠ. బెడ్‌స్ట్రాకి దగ్గరి చుట్టం.

అయితే బెడ్‌స్ట్రా చుట్టాలు మన దగ్గర ఉన్నాయన్నమాట. ఇంకా ఏవి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ, కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే.

ముందు కాఫీ. అరకు, పాడేరు, అనంతగిరి కొండల్లో మిరియపు తీగలు ఎగబాకిన చెట్ల నీడన పెరిగే కాఫీ మొక్క రూబియేసి కుటుంబమే. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈసారి తోటకి వెళ్తే గింజ గురించి అడిగాక, ఒక కొమ్మ కణుపు కూడా చూడండి. ఎదురెదురు ఆకులు, నడుమ త్రికోణంలా చిన్న తొడుగు. మీ ఇంటి నూరువరహాలులో చూసినదే అక్కడా ఉంటుంది.

రెండోది చిరివేరు. కోస్తా ఇసుక నేలల్లో గడ్డిలో కలిసిపోయి ఉండే చిన్న మొక్క, తెల్లటి పూలు, ఎవరూ పట్టించుకోరు. దాని విలువంతా వేరులో ఉంది. బందరు కలంకారీ ఎరుపు ఒకప్పుడు ఆ వేరు నుంచే వచ్చేది. గుడ్డని కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టి, ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు అద్ది, చిరివేరుతో ఉడకబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా గుడ్డకి అంటిన రంగు ఉతికి ఎండలో ఆరేస్తే పోతుంది. తొగరు చెట్టు వేరు కూడా ఎరుపుకే వాడేవారు. తొగరు అనే మాటకి అర్థమే ఎరుపు.

బెడ్‌స్ట్రా వేరు కూడా ఎర్రరంగు ఇస్తుంది. పైన పచ్చటి పువ్వు, కింద ఎర్రటి వేరు. యూరప్ పల్లెల్లో ఉన్ని నూలుకి అద్దేవారు. మంజిష్ఠ జాతి మొక్కల వేళ్లలో, చిరివేరులో ఉన్న ఎర్రరంగు పదార్థం అలిజరిన్. 1868లో జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే వేరు తవ్వేవాళ్లకి పని పోయింది, ఇక్కడా అక్కడా కూడా.

ఈ మొక్కల మీద శ్రద్ధ పెట్టినవాళ్లలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఒకరు. 1780ల్లో, మనకి దగ్గర్లోని సామర్లకోటలో ఉద్యోగం చేస్తూ కోరమాండల్ తీరపు మొక్కలకి బొమ్మలు వేయించాడు. పక్కన తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ పేర్లు ఆయనకి చెప్పిన మనవాళ్ల పేర్లు ఎక్కడైనా ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక పచ్చ పువ్వే కావాలంటే కడిమి ఉంది. వానాకాలంలో బంతుల్లాంటి పసుపు నారింజ పూలగుండ్లు వేసే చెట్టు, ఇదే కుటుంబం. అడవిలో బిక్కి చెట్టు పువ్వు తెల్లగా పూసి, వాడేసరికి పచ్చబడుతుంది. అదీ వీళ్ల బంధువే.

ఆ మొక్కతో పాలు విరుగుతాయని విన్నాం, నిజమేనా?

నిజమే, అందుకే ఆ పేరు. గ్రీకు భాషలో గాలా అంటే పాలు, గేలియం అందులోంచి వచ్చింది. పాలు విరగగొట్టి చీజ్ చెయ్యడానికి వాడేవారు. ఇంగ్లండ్‌లో గ్లాస్టర్ ప్రాంతపు చీజ్‌కి ఈ పూలతో రంగు తెచ్చేవారని కూడా ప్రసిద్ధి. మన జున్నుకీ పెరుగుకీ దీనితో పనిలేదు.

మందుగా వాడొచ్చా? ఆకు నమిలి చూడొచ్చా?

వద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. ఇంటర్నెట్‌లో బెడ్‌స్ట్రా కషాయం గురించి చదివి, రోడ్డు పక్క పచ్చపూల మొక్క కోసుకుని మరగబెట్టుకున్నవాళ్లు నన్ను అడిగారు. మీ చేతిలో ఉన్నది అది కాదు అని పైన చెప్పాను. మరి ఉన్నదేమిటి?

బ్రహ్మదండి కావచ్చు. పచ్చటి పువ్వు, ఆకుల మీద తెల్లటి గీతలు, ఒళ్లంతా ముళ్లు, తుంచితే పచ్చటి పాలు. దాని గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. ఆ నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో చాలామంది ఒళ్లు వాచి, గుండె దెబ్బతిని చనిపోయారు. పచ్చగన్నేరు కావచ్చు. కంచెల వెంబడి, గుళ్ల దగ్గర ఉంటుంది. దాని ప్రతి భాగమూ విషమే, గింజ అన్నిటికన్నా ప్రమాదం, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. పిల్లలు ఆ కాయలు నోట్లో పెట్టుకున్నారని తెలిస్తే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాయ ఒకటి వెంట తీసుకెళ్తే డాక్టర్‌కి పని సులువవుతుంది.

సరిగ్గా పేరు చెప్పాలంటే ఫొటో ఎలా తియ్యాలి?

ఒక్క ఫొటో పంపకండి, అయిదు పంపండి. మొక్క మొత్తం, నేలతో సహా. కాండం మీద కణుపు, దగ్గర్నుంచి. ఆకు అడుగుభాగం. పువ్వు ఎదర్నుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. కాయ ఉంటే అదీ. పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే కొలత తెలుస్తుంది. ఎక్కడ తీశారో రాయండి: గెడ్డ ఒడ్డునా, మెట్ట మీదా, జీడితోటలోనా, సముద్రం ఇసుకలోనా. నెల కూడా చెప్పండి.

గాలికి పువ్వు ఊగి ఫొటో మసకబారితే, మొక్క వెనక మీ అరచెయ్యి అడ్డం పెట్టండి. ఫోన్ కెమెరా అప్పుడు వెనకున్న గడ్డిని కాకుండా పువ్వుని పట్టుకుంటుంది. పదిరెట్లు పెద్దది చేసి చూపించే చిన్న మడత లెన్స్ ఒకటి కొనుక్కుంటే, దాన్ని ఫోన్ కెమెరాకి ఆనించి కూడా తియ్యొచ్చు. నాది ఇప్పటికీ జేబులోనే ఉంటుంది.

యాప్ వాడొద్దని నేను అనను. ఈ అయిదు ఫొటోలూ దానికి ఇచ్చి, ఊరు కూడా చెప్తే చాలాసార్లు సరైన జవాబే ఇస్తుంది.

మొక్కని కోసి తీసుకురావచ్చా?

మీ చేలోది, రోడ్డు పక్క కలుపుమొక్క అయితే ఒక రెమ్మ తీసి పాత న్యూస్‌పేపర్ మడతలో పెట్టి, పైన బరువు ఉంచండి. రోజూ పేపరు మారిస్తే వారం పదిరోజుల్లో చక్కగా ఆరుతుంది. మారుస్తూ ఉండకపోతే మన ఉక్కకి బూజు పట్టేస్తుంది. కంబాలకొండ అభయారణ్యంలో మాత్రం ఆకు కూడా తెంపకండి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

ఆన్‌లైన్‌లో బెడ్‌స్ట్రా విత్తనాలు దొరుకుతున్నాయి. తెప్పించి పెంచొచ్చా?

మన వేడికి నిలబడదు, డబ్బు దండగ. అంతకన్నా ముఖ్యంగా, బయటి మొక్కని ముచ్చటపడి తెచ్చుకునే ముందు ఒకసారి కొండ వైపు చూడండి. లాంటానాని కూడా రెండు వందల ఏళ్ల కిందట అందంగా ఉందనే తెచ్చారు. వయ్యారిభామ తన పాటికి తనే వచ్చేసింది. ఆ రెండూ కమ్మేసిన చోట గడ్డి లేదు, మేకలకి మేత లేదు. పచ్చపూల కోసమే అయితే ఒక తంగేడు మొక్క నాటండి. నీళ్లు కూడా పెద్దగా అడగదు.

ఊళ్లో చెప్పే పేరు, యాప్ చెప్పే పేరు కలవకపోతే ఏది నమ్మాలి?

ముందు ఊళ్లో పేరు రాసుకోండి. ఎవరు చెప్పారు, ఏ పనికి వాడతారు అనేది కూడా రాసుకోండి. ఆవుల్ని తోలుకెళ్లే తాత, కూరాకు ఏరుకునే అమ్మ ఆ మొక్కని ఏడాది పొడుగునా చూస్తారు. మొలకలో ఎలా ఉంటుందో, ఎండిపోయాక ఎలా ఉంటుందో, పశువు ముట్టుకుంటుందో లేదో వాళ్లకి తెలుసు. శాస్త్రీయ నామం తర్వాత ఎప్పుడైనా తేల్చుకోవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగం మన ఊళ్లోనే ఉంది, ఎండబెట్టిన రెమ్మ జాగ్రత్తగా పట్టుకెళ్లి మర్యాదగా అడగండి. ఊళ్లో పేరు మాత్రం ఆ తాత ఉండగానే అడగాలి.

పిల్లలకి నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పెరట్లోనే. నూరువరహాలు, పులిచింత, బెండ, దోస, ఈ నాలుగూ చాలు. నూరువరహాలులో రెండాకుల మధ్య తొడుగు వెతికించండి. పులిచింత ఆకు లెక్కపెట్టించండి. బెండ పువ్వులో పిందె ఎక్కడుందో, దోస పువ్వుకి ఎక్కడుందో చూపించమనండి. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, పొలం గట్టు మీదికి తీసుకెళ్లి ఏదో ఒక పచ్చపూల మొక్క దగ్గర కూర్చోబెట్టండి. పేరు మీరు చెప్పకండి. కణుపు ఎక్కడుందో వాళ్లనే వేలు పెట్టి చూపించమనండి.